మేరీ ఆన్ షాడ్ 125 డాలర్లు: విరాళాలను తిట్టిన ఆమే విరాళం ఎందుకు తీసుకుంది?

పాతకాగితం:

మేరీ ఆన్ షాడ్ క్యారీ గురించి తెలుగులో కనబడేవన్నీ ఒకే మూసలో ఉంటున్నాయి. బానిసత్వాన్ని ఎదిరించింది, ఉత్తర అమెరికాలో పత్రిక నడిపిన తొలి నల్లజాతి మహిళ, అరవయ్యేళ్ల వయసులో న్యాయశాస్త్రంలో పట్టా తీసుకుంది. ఇవన్నీ నిజమే. కానీ ఆమెను ‘ప్రొవిన్షియల్ ఫ్రీమన్’ పత్రిక పెట్టేదాకా నెట్టింది ఒక డబ్బు తగాదా. దాని జోలికి ఎవరూ పోవడం లేదు. ఈ చర్చ దాని గురించే.

కొత్తవారి కోసం నేపథ్యం. 1823 అక్టోబరు 9న డెలవేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో పుట్టింది. తల్లిదండ్రులు బానిసలు కారు. తండ్రి ఏబ్రహం షాడ్ చెప్పులు కుట్టే పనివాడు. పదమూడుగురు పిల్లల్లో ఈమే పెద్దది. పెన్సిల్వేనియాలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారి బడిలో చదివి, పదహారు పదిహేడేళ్లకే పంతులమ్మ అయింది. 1850 సెప్టెంబరు 18న అమెరికాలో పారిపోయిన బానిసల చట్టం వచ్చింది. పట్టుబడ్డ మనిషి తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకోకూడదు. జ్యూరీ ఉండదు. మనిషిని యజమానికి అప్పగిస్తే విచారించిన కమిషనరుకు 10 డాలర్లు, వదిలిపెడితే 5 డాలర్లు. సాయం చేసినవాడికి 1,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. దాంతో బానిసలే కాదు, పుట్టుకతో స్వతంత్రులైన వాళ్లు కూడా కెనడా బాట పట్టారు. 1851 సెప్టెంబరులో టొరంటోలో జరిగిన నల్లజాతివారి మహాసభకు షాడ్ వెళ్లింది. అక్కడ హెన్రీ బిబ్ అడగ్గా, డెట్రాయిట్ నదికి అవతల ఉన్న విండ్సర్‌లో బడి పెట్టింది.

బిబ్ కెంటకీలో బానిసగా పుట్టి పారిపోయి వచ్చినవాడు. 1851 జనవరి 1 నుంచి ‘వాయిస్ ఆఫ్ ద ఫ్యుజిటివ్’ పత్రిక నడుపుతున్నాడు. డెట్రాయిట్ వాళ్లతో కలిసి రెఫ్యూజీ హోమ్ సొసైటీలో ముఖ్యుడయ్యాడు. ఆ సంఘం అమెరికాలో ఏజెంట్ల చేత విరాళాలు వసూలు చేయించి, విండ్సర్ ఉన్న ఎసెక్స్ కౌంటీలో భూములు కొని, పారిపోయి వచ్చినవారికి ఇస్తుంది. షాడ్ దీన్ని ‘బిచ్చమెత్తడం’ అని బహిరంగంగా దుయ్యబట్టింది. అదే కాలంలో అమెరికన్ మిషనరీ అసోసియేషన్ అనే క్రైస్తవ సంస్థ నుంచి బడి కోసం ఏడాదికి 125 డాలర్లు తీసుకుంటోంది. ఆ సంగతి పిల్లల తల్లిదండ్రులకు చెప్పలేదు. బిబ్ దాన్ని పత్రికలో బయటపెట్టాడు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. సొసైటీ మీద ఆమె వేసిన ప్రశ్నలు సరైనవే. కానీ ఆ 125 డాలర్లను దాచడం తప్పు. లెక్కలు అడిగే మనిషి తన లెక్క ముందు చూపించాలి. ఆ తప్పును పక్కకు నెట్టి ఆమె కథ చెప్పకూడదు.

మెరక పొలం:

పాతకాగితం గారూ, రెండూ ఒకే రకం డబ్బు అన్నట్టు పక్కపక్కన పెట్టారు. ముందు సొసైటీ భూమి షరతులు చూడాలి. అవి తెలియకపోతే ఆమె కోపం ఎందుకో అర్థం కాదు.

సొసైటీ ఒక్కో కుటుంబానికి 25 ఎకరాలు ఇచ్చింది. అందులో 5 ఎకరాలు ఉచితం, కానీ మూడేళ్లలో అడవి నరికి సాగులోకి తేవాలి. మిగతా 20 ఎకరాల ధర తొమ్మిది వార్షిక వాయిదాల్లో కట్టాలి. పదిహేనేళ్ల దాకా ఆ భూమిని ఇంకొకరికి బదలాయించకూడదు. పైగా బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవారికే భూమి. స్వతంత్రంగా పుట్టి, కొత్త చట్టానికి భయపడి వచ్చినవాడికి లేదు.

ఇప్పుడు దీని పక్కన బక్స్‌టన్ పెట్టి చూడండి. కెంట్ కౌంటీ రాలీ టౌన్‌షిప్‌లో విలియం కింగ్ అనే ప్రెస్బిటేరియన్ పాదిరి 1849లో మొదలుపెట్టిన ఎల్గిన్ సెటిల్‌మెంట్ అది. సుమారు 9,000 ఎకరాలు. ఒక్కో కుటుంబానికి 50 ఎకరాలు, ఎకరం రెండున్నర డాలర్లు, పది వార్షిక వాయిదాలు, పైన వడ్డీ. ఉచితం అన్న మాటే లేదు. ఇల్లు కనీసం 24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు ఉండాలి, నాలుగు గదులుండాలి, రోడ్డుకు 33 అడుగులు వదిలి కట్టాలి. అక్కడా పదేళ్ల దాకా తెల్లవాళ్లకు అమ్మకూడదన్న కట్టడి ఉంది. అయితే అది మొత్తం బదలాయింపు మీద నిషేధం కాదు, ఊరు చేజారకుండా వేసిన కంచె. కొన్నేళ్లకే అక్కడ రంపపు మిల్లు, పిండి మిల్లు, ఇటుక బట్టీ, చెట్ల బూడిదతో పొటాష్ తయారీ వచ్చాయి. తెల్లవాళ్లు కూడా తమ పిల్లల్ని పంపేంత మంచి బడి వచ్చింది.

పదిహేనేళ్ల షరతుతో ఇబ్బంది ఏమిటంటే, అమ్మలేని భూమిని తాకట్టు పెట్టి అప్పు తేలేరు. ఎద్దుల జత కొనాలన్నా విత్తనం కొనాలన్నా చేతిలో రొక్కం ఉండాల్సిందే. 1854 జనవరిలో గ్రేట్ వెస్టర్న్ రైలు విండ్సర్ దాకా వచ్చింది. భూమికి మంచి ధర పలికే ఆ సమయంలో సొసైటీ రైతు చేతులు కట్టేసి ఉన్నాయి. పేరుకు ఆసామి, వాస్తవానికి సంఘం కౌలుదారు. షాడ్ వాదన ఇదే. సాయం పేరుతో మనిషిని మళ్లీ ఇంకొకరి అజమాయిషీ కిందకు తెస్తున్నారని.

ఇంకో సంగతి. 50 ఎకరాలు, ఎకరం రెండున్నర డాలర్లంటే మొత్తం 125 డాలర్లు. బక్స్‌టన్‌లో ఒక కుటుంబం పదేళ్లలో కట్టే అసలు, షాడ్ బడికి ఏడాదికొచ్చిన గ్రాంటు ఒకే అంకె. అది పెద్ద మొత్తమే, కాదనను. కానీ అది ఒక టీచరు జీతం. ఎవరి భూమి మీదా ఎవరికీ పెత్తనం ఇవ్వని డబ్బు.

రేవుగట్టు:

లెక్కలు బాగున్నాయి గానీ మెరక పొలం గారూ, మీ లెక్కలో రైతు ముందే ఇంట్లో కూర్చుని ఉన్నాడు. డిసెంబరులో, ఒంటి మీద దక్షిణాది నూలు బట్టలతో, నది దాటి విండ్సర్‌లో దిగిన మనిషిని చూడండి. చేతిలో గొడ్డలి లేదు, కంబళి లేదు, చదువు లేదు. మొదటి వాయిదా ఎక్కడినుంచి తెస్తాడు? బక్స్‌టన్‌కు వెళ్లినవారిలో చాలామందికి ఎంతో కొంత చేతిలో ఉంది, కింగ్ బానిసత్వంనుంచి విడిపించి వెంట తెచ్చిన పదిహేనుమందికి ఆయన అండ ఉంది. ఏమీ లేనివాళ్లు మిగిలింది ఎసెక్స్ వైపే.

ఎసెక్స్ నేల సంగతి కూడా చెప్పాలి. చదునుగా ఉండే బంకమట్టి, నీరు నిలిచిపోయే నేల. ముందు చెట్లు నరకాలి, తర్వాత కాలవలు తవ్వి నీళ్లు తీసేయాలి. పత్తి, పొగాకు పొలాల్లో పనిచేసినవారికి ఓక్, ఎల్మ్ లాంటి గట్టి మానులు నరకడం కొత్త పని. నరికాక మొద్దులు అలాగే ఉంటాయి, అవి కుళ్లి ఊడి రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా మొద్దుల మధ్యే మొక్కజొన్న, బంగాళాదుంప వేసుకోవాలి, నాగలి సాగదు. తొలి రొక్కం సాధారణంగా కాల్చిన చెట్ల బూడిద అమ్మితే వచ్చేది. ఇలాంటి చోట మూడేళ్లలో 5 ఎకరాలు సాగులోకి తెస్తే అవి ఉచితం అనడం దుర్మార్గమైన షరతేమీ కాదు. బదలాయించకూడదన్న కట్టడికీ కారణం ఉంది. కాగితం చదవలేని మనిషి దగ్గర మొదటి కరువు ఏడాదిలోనే భూమి వ్యాపారి వేలిముద్ర వేయించుకుంటాడు. రైలు వస్తోందని తెలిసిన వ్యాపారి మరీ తొందరపడతాడు. ఆ కట్టడి లేకపోతే రైలు లాభం దక్కేది రైతుకు కాదు.

షాడ్ పుట్టుకతో స్వతంత్రురాలు, చదువుకున్న మనిషి. బిబ్ అలా కాదు. పదేపదే పారిపోయి పదేపదే పట్టుబడ్డాడు, భార్య మలిండానూ కూతురినీ బానిసత్వంలోనే పోగొట్టుకున్నాడు. ‘ఎవరి మీదా ఆధారపడొద్దు’ అన్న మాట ఇద్దరి నోటా ఒకేలా వినబడదు. 1849లోనే ఆమె నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ పత్రికకు ఉత్తరం రాస్తూ ‘మాటలు తగ్గించి పనులు పెంచాలి’ అంది. గొప్ప మాటే. కానీ ఆ పని మొదలవాలంటే ఒక గొడ్డలి, ఒక శీతాకాలానికి సరిపడా పిండి కావాలి కదా.

ఇక 125 డాలర్ల విషయంలో నేను పాతకాగితం గారి కంటే ఇంకాస్త కఠినం. పేద తల్లిదండ్రుల దగ్గర ఫీజు అడుగుతూ, వెనకాల జీతం వస్తోందని చెప్పకపోవడం నమ్మకద్రోహం.

పాతకాగితం:

నమ్మకద్రోహం అనేంత పెద్ద మాట నేను వాడను. ఫీజు నెలకు అర డాలరు మించేది కాదు. ఇరవైమంది పిల్లలు పూర్తిగా కట్టారనుకున్నా నెలకు 10 డాలర్లు. పూర్తిగా కట్టే ఇళ్లు తక్కువే. గ్రాంటు సంగతి తెలిస్తే ఆ కొద్దిపాటి కూడా ఆగిపోతుందని ఆమె భయం. బడి తమదని తల్లిదండ్రులు అనుకోవాలంటే వాళ్ల చేతినుంచి కొంతైనా రావాలన్నది ఆమె పట్టుదల. ఉద్దేశం అర్థమవుతుంది. దాచిన తీరు మాత్రం తప్పే.

మెరక పొలం:

రేవుగట్టు గారి శీతాకాలం వాదనకు జవాబు. అప్పుడే దిగినవాడికి అన్నం, బట్ట ఇవ్వొద్దని షాడ్ అనలేదు. ఆమె తిట్టింది ఏజెంట్లను. వాళ్లు అమెరికా ఊళ్లన్నీ తిరిగి, కెనడాలో నల్లవాళ్లందరూ ఆకలితో మాడుతున్నారని చెప్పి సొమ్ము, బట్టలు పోగుచేస్తున్నారు. అందులో తమ వాటా తాము తీసుకుంటున్నారు. వచ్చిన సామాను ఎవరికి చేరిందో లెక్క లేదు. ఇది ఆమె ఆరోపణ.

ఆ ప్రచారం వల్ల జరిగే నష్టం డబ్బు నష్టం కంటే పెద్దది. 1849లో బక్స్‌టన్ దగ్గరి పట్టణం చాతమ్‌లో ఎడ్విన్ లార్విల్ అనే రాజకీయ నాయకుడు, బక్స్‌టన్‌కు భూమి ఇవ్వొద్దని ఊరిని రెచ్చగొట్టాడు. అతని వాదన ఏమిటంటే నల్లవాళ్లు సోమరులు, ఊరికి భారమవుతారని. ఏజెంట్లు బోస్టన్‌లోనో డెట్రాయిట్‌లోనో ‘మావాళ్లు అడుక్కుతింటున్నారు’ అని ప్రకటించిన ప్రతిసారీ లార్విల్ లాంటివాడి చేతికి కర్ర అందించినట్టే. 1857 ఎన్నికల్లో బక్స్‌టన్ ఓట్లు ఆర్చిబాల్డ్ మెకెల్లర్‌కు పడ్డాయి, లార్విల్ ఓడాడు. తమ భూమి, తమ వాయిదా, తమ ఓటు. షాడ్ కుటుంబం కూడా ఆ దారిలోనే వెళ్లింది. తండ్రి ఏబ్రహం రాలీ టౌన్‌షిప్‌లో స్థిరపడి 1859లో కౌన్సిల్‌కు ఎన్నికయ్యాడు.

1852లో ఆమె అచ్చేయించిన 44 పేజీల కరపత్రం చూసినా ఇదే కనబడుతుంది. కెనడా వెస్ట్‌కు, అంటే ఇప్పటి ఒంటారియోకు, రాదలచుకున్నవారికి అక్కడి వాతావరణం, నేల, పంటలు, భూమి ధరలు, కూలి రేట్లు, బళ్లు, ఓటుహక్కు అన్నీ ఒక్కొక్కటిగా చెప్పింది. జాలి పుట్టించే వాక్యం కోసం వెతకాలి. వచ్చేవాడిని బాధితుడిగా కాదు, కొత్త ఊళ్లో లెక్కవేసుకుని అడుగుపెట్టే కాపుగా చూసింది.

సీసపక్షరం:

మీరంతా భూమి దగ్గర ఆగిపోయారు. పత్రిక లెక్కలు చూడకుండా విరాళాల ప్రశ్న తేలదు, ఎందుకంటే ‘ప్రొవిన్షియల్ ఫ్రీమన్’ కూడా విరాళాలు లేకుండా బతకలేదు.

ఆ కాలపు చిన్న వారపత్రిక ఎలా తయారయ్యేదో ముందు చెబుతాను. ఒక పెద్ద కాగితాన్ని ఒక మడత పెడితే నాలుగు పేజీలు. ఒక వైపు 1, 4 పేజీలు, రెండో వైపు 2, 3 పేజీలు. అంటే రెండు ఫారాలు (ఒక్కసారికి అచ్చయ్యే అక్షరాల చట్రాలు), ప్రతి కాగితమూ రెండుసార్లు ప్రెస్సు కిందకు వెళ్లాలి. చేతి ప్రెస్సు మీద ఒకరు సిరా పూస్తూ ఒకరు మర లాగుతూ ఉంటే గంటకు 200 నుంచి 250 ముద్రలు. 500 కాపీలంటే 1,000 ముద్రలు, నాలుగైదు గంటలు ఆగకుండా. కాగితాన్ని ముందు రాత్రే తడిపి దొంతర పెట్టాలి, లేకపోతే సిరా పట్టదు. మరీ తడిస్తే అక్షరం అలుక్కుపోతుంది. రెండో వైపు కూడా ఆ తడి ఆరేలోగానే అచ్చేసి, తర్వాత తాళ్ల మీద ఆరబెట్టాలి.

సీసం అక్షరాలు ఖరీదైనవి, చిన్న ప్రెస్సుల్లో నాలుగు పేజీలకు సరిపడా ఉండవు. అందుకని 1, 4 పేజీలు ముందు కూర్చి అచ్చేసి, క్షారంతో కడిగి, అక్షరాలను విడదీసి అరల్లో వేసి, వాటితోనే 2, 3 పేజీలు కూరుస్తారు. ఇతర పత్రికలనుంచి కత్తిరించినవి, కవితలు, ప్రకటనలు బయటి పేజీల్లోకి వెళ్తాయి. సంపాదకీయం, తాజా వార్త లోపల రెండో పేజీలో ఉంటాయి. ఇలాంటి పత్రిక పాత సంచికలు చదివేవారు దీన్ని మనసులో పెట్టుకోవాలి. మొదటి పేజీలో ఉన్నంతమాత్రాన అది ఆ వారం ముఖ్యాంశమని అనుకోకూడదు.

ఇప్పుడు డబ్బు. మొదటి సంచిక 1853 మార్చి 24న విండ్సర్‌లో వచ్చింది, అది నమూనా మాత్రమే. చందాలు కూడగట్టడానికి ఆమె ఊరూరా ఉపన్యాసాలిస్తూ తిరిగింది. టొరంటోనుంచి వారం వారం రావడం 1854 మార్చి 25న మొదలైంది. సరిగ్గా ఏడాది పట్టింది. ఏడాది చందా ఏడున్నర షిల్లింగులు, అంటే డాలరున్నర. అప్పటి కెనడా లెక్కలో డాలరుకు ఐదు షిల్లింగులు. ఉదాహరణకు 400 మంది చందాదారులున్నారనుకోండి, అందరూ కడితే ఏడాదికి 600 డాలర్లు. సగం మందే కడితే 300. వారానికి ఆరు డాలర్లు కూడా రాదు. అందులోనే కాగితం, సిరా, అక్షరాలు కూర్చే కంపోజిటరు కూలి, అద్దె. అప్పటి వారపత్రికల్ని మింగిన రోగం ఇదే. చందాదారు పత్రిక తీసుకుంటాడు, డబ్బు వాయిదా వేస్తాడు. పత్రిక ఆపేస్తే పాత బాకీ పోతుంది, ఆపకపోతే కొత్త బాకీ పెరుగుతుంది. అందుకే ప్రతి నల్లజాతి పత్రికా మిత్రుల విరాళాలమీద, మహిళల సంతలమీద, సంపాదకుల ఉపన్యాస యాత్రలమీద నడిచింది. ఫ్రీమన్ కూడా అంతే. 1855–56 శీతాకాలంలో ఆమె స్వయంగా ఇల్లినాయ్, ఇండియానా వైపు వెళ్లింది. పారిపోయినవారి చట్టం అమలులో ఉన్న దేశంలో ఒక నల్లజాతి మహిళ చేసిన ప్రయాణమది. తర్వాత 1857 ఆర్థిక సంక్షోభం వచ్చి మిగిలిన కొద్ది ఆసరా కూడా తీసేసింది.

అందుకని ఆమె విరాళాలకే వ్యతిరేకం అని రాసేవారు పొరబడుతున్నారు. సరుకు ఇచ్చి డబ్బు అడగడం ఆమెకు సమ్మతం. వారం వారం పత్రిక చేతికిచ్చి డాలరున్నర అడుగుతుంది. సరుకు చూపించకుండా దైన్యం చూపించి అడగడం సమ్మతం కాదు. తలపట్టీ మీద, అంటే పత్రిక పేరు, సంపాదకుల పేర్లు అచ్చయ్యే చోట, వేసుకున్న ‘స్వయంకృషే స్వాతంత్ర్యానికి అసలు దారి’ అన్న మాటను ఇలా చదివితే, ఆమె చేతలకూ దానికీ పొంతన కుదురుతుంది. బడి గ్రాంటు కూడా చేసిన పనికి జీతమే.

రేవుగట్టు:

సీసపక్షరం గారి వివరణతో నా మాట కొంత సవరించుకుంటాను. చేసిన పనికి జీతం అన్నది ఒప్పుకుంటాను. దాచడం గురించి నా అభిప్రాయం మారలేదు.

కానీ ఒక ప్రశ్న. మనందరం ఈ తగాదాను ఎక్కడినుంచి చదువుతున్నాం? బిబ్ అచ్చు కార్యాలయం 1853 అక్టోబరు 9న తగలబడింది. అతను 1854 ఆగస్టు 1న చనిపోయాడు, అప్పటికి నలభై కూడా నిండలేదు. ఆగస్టు 1 అంటే బ్రిటిష్ రాజ్యంలో బానిసత్వం రద్దయిన రోజు, నల్లజాతివారు ఏటా పండగ చేసుకునే రోజు. ఆ తర్వాత మూడేళ్లపాటు మాట్లాడింది ఫ్రీమన్ ఒక్కటే. జవాబు చెప్పేవాడు లేడు. అలాంటప్పుడు ఆరోపణలను తీర్పులుగా చదవకూడదు.

పాతకాగితం:

ఇది ఈ చర్చలో అన్నిటికంటే అవసరమైన మాట. దానికి ఒక సరిజోడు కూడా చెప్పాలి. 1852లో, గొడవ ముదిరినప్పుడు, పరిస్థితి తిరగబడి ఉంది. ఆ ప్రాంతంలో నల్లజాతివారి పత్రిక బిబ్‌ది ఒక్కటే. ఆమెను అందులో విమర్శిస్తారు, ఆమె జవాబుకు చోటు లేదు. ఆమె వాదనంతా ఉత్తరాల్లో, సభల్లో జరిగింది. మిషనరీ అసోసియేషన్ కార్యదర్శికి పేజీలకు పేజీలు రాసింది. 1853 మొదట్లో ఆ సంస్థ డబ్బు ఆపేసింది. చెప్పిన కారణం ఆమె మత విశ్వాసాలు తమ ఇవాంజెలికల్ పద్ధతికి సరిపోవడం లేదని. బిబ్‌తో గొడవ ముదిరిన వెంటనే ఆ సంగతి గుర్తుకు రావడం చూస్తే, అసలు కారణం ఆ గొడవేనని నాకనిపిస్తుంది. వసంతం వచ్చేసరికి బడి మూతపడింది. అదే మార్చిలో పత్రిక నమూనా సంచిక వచ్చింది. జవాబు చెప్పే చోటు లేకనే ఆమె పత్రిక పెట్టింది.

ఇక దొరికిన సంచికల సంగతి. ఈరోజు మనకు మిగిలినవి 1853 మార్చి నుంచి 1857 సెప్టెంబరు దాకా, మధ్యలో ఖాళీలతో. వాటిలో సంపాదకీయాలకు సంతకాలుండవు. ఘాటుగా ఉన్న ప్రతి వాక్యాన్నీ ఆమెకు అంటగట్టడం చాలామంది చేస్తున్నారు. అలా చేసేముందు కనీసం మూడు చూడాలి. ఆ వారం తలపట్టీలో సంపాదకుడిగా ఎవరి పేరుంది? ఆ వారం ఆమె ఊళ్లో ఉందా, యాత్రలో ఉందా? యాత్రలోంచి ఆమె పంపిన ఉత్తరం అదే సంచికలో ఉంటే లోపలి సంపాదకీయం తమ్ముడు ఐజాక్ రాసి ఉండొచ్చు. చివరిగా, అదే వాదన, అదే పదాలు ఆమె సంతకమున్న ఉత్తరాల్లో కనబడుతున్నాయా? ఈ మూడూ దాటినవే ఆమెవని చెప్పొచ్చు.

నాలుగోపేజీ:

ఈ పద్ధతితోనే అడుగుతున్నాను. అసలు ఆమెను ‘సంపాదకురాలు’ అనొచ్చా? 1853 తలపట్టీలో సంపాదకుడు శామ్యూల్ రింగ్‌గోల్డ్ వార్డ్. ఆమె పేరు సంపాదకుల్లో లేదు. టొరంటోలో ‘ఎం. ఎ. షాడ్, పబ్లిషింగ్ ఏజెంట్’. 1855లో విలియం న్యూమన్ అనే పాదిరికి సంపాదకత్వం అప్పగించి తప్పుకుంది. ఒత్తిడి రాగానే వదిలేసినట్టే కదా?

సీసపక్షరం:

వార్డ్ 1853 ఏప్రిల్‌లో, అంటే నమూనా సంచిక వచ్చిన నెలలోపే, కెనడా బానిసత్వ వ్యతిరేక సంఘం కోసం నిధులు తేవడానికి బ్రిటన్ వెళ్లిపోయాడు. అట్లాంటిక్ అవతల ఉన్న మనిషి టొరంటోలో వారం వారం వచ్చే పత్రికకు ప్రూఫులు దిద్దలేడు. వార్డ్ పేరు ఒక గొడుగు. ఆడమనిషి నడిపే పత్రికకు చందా కట్టరని తెలిసి పట్టిన గొడుగు. ‘ఎం. ఎ. షాడ్’ అన్న పొడి అక్షరాలు కూడా అందుకే. ఉత్తరాలు ‘మిస్టర్’ అని వచ్చేవి. 1854 చివరికి ఆమె ఆ ముసుగు తీసేసింది.

మెరక పొలం:

1855 జూన్ 30 సంచికలో ఆమె వీడ్కోలు మాట చదివితే ‘వదిలేసింది’ అని అనలేరు. నల్లజాతి ఆడవాళ్లను ఉద్దేశించి, కావాలని చేసినా కాకపోయినా సంపాదకత్వమనే మంచుగడ్డను మేం పగలగొట్టాం, చేతనైనవాళ్లూ ఇష్టమున్నవాళ్లూ ఇక రండి అని పిలిచింది. అదే ఏడాది అక్టోబరులో ఫిలడెల్ఫియాలో నల్లజాతి జాతీయ మహాసభ. ఆడమనిషిని ప్రతినిధిగా కూర్చోబెట్టాలా వద్దా అని గంటలకొద్దీ వాదించుకుని ఓటు వేశారు. 38 అనుకూలం, 23 వ్యతిరేకం. అందులో ఒక మాట గమనించాలి. వ్యతిరేకంగా వేసిన 23 మందీ బానిసత్వ వ్యతిరేకులే. అంటే నాలుగేళ్లుగా ఆమె ఎవరి మధ్య పనిచేస్తోందో ఆ అంకె చెబుతుంది.

రేవుగట్టు:

ఆ 23 అంకె బిబ్ పక్షం వాదించేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాలి, నాతో సహా. తగాదాలో బిబ్ పక్షంనుంచి వచ్చిన మాటల్లో లెక్కల మీద ఉన్నవి కొన్నే. ఆడమనిషికి ఈ నోరేమిటన్నవి ఎక్కువ. అవి తీసేస్తే మిగిలే ప్రశ్న ఒకటే: 125 డాలర్లు ఎందుకు చెప్పలేదు? ఆ ఒక్కదానికి మాత్రం ఆమె దగ్గర మంచి జవాబు లేదని ఇప్పటికీ అంటాను.

సీసపక్షరం:

నాలుగోపేజీ గారికి ఒక చివరి వివరం. న్యూమన్ పేరు తలపట్టీ మీద ఏడాది నిలవలేదు. పత్రిక చాతమ్‌కు మారింది. 1856 జనవరిలో ఆమె టొరంటో మంగలి థామస్ క్యారీని పెళ్లాడింది. ఆ ఏడాదే సంపాదకుల వరసలో మూడు పేర్లు అచ్చయ్యాయి: ఐ. డి. షాడ్ (తమ్ముడు ఐజాక్), హెచ్. ఫోర్డ్ డగ్లస్, మేరీ ఎ. షాడ్ క్యారీ. ఈసారి పొడి అక్షరాలు కాదు, ‘మేరీ’ అని పూర్తిగా.